ఫొటోల్లో లేని గోడ

"తలుపు తీస్తావా, పగలగొట్టమంటావా?"

అడగడమే గాని జవాబు కోసం పెద్దవాడు ఆగలేదు. సుత్తి తలుపు మీద పడింది. గొళ్ళెం దగ్గర చెక్క నిలువునా చీలింది.

లోపల చిన్నకోడలు బల్ల కింద దూరి, కంప్యూటరు డబ్బాను రెండు చేతులా పొదివి పట్టుకుని కూర్చుంది. పొద్దున బుల్డోజరు వచ్చి వంటింటి వెనకగోడను పడగొట్టినప్పుడు కూడా ఆమె ఇంతగా వణకలేదు. అప్పుడు ఎదురుగా ఉన్నది ఇనుము. ఇప్పుడు ఉన్నది బావగారు.

"అన్నయ్యా, ఆగు! నా మాట విను!" అంటూ ఆమె భర్త మెట్లెక్కి వచ్చాడు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు అతను. కబురు అందగానే పని మధ్యలో వదిలేసి వచ్చాడేమో, చేతులకు గ్రీజు ఇంకా అలాగే ఉంది.

"నీ మాటా? నీ పెళ్ళాం దగ్గరుండి మన కొంప కూల్పించింది. ఇంకా నీ మాట వినాలా నేను?"

"అది ఆమె ఉద్యోగం. కంపెనీ కోసం వీధి వీధంతా ఫొటోలు తీసి కంప్యూటర్లో బొమ్మ కట్టింది. మన ఇల్లొక్కటే తీసిందా?"

"వీధంతా తీసింది. కూలింది మాత్రం మన గోడ. దానికేం చెప్తావ్?"

చిన్నవాడు చెప్పడానికి నోరు తెరిచాడు. అంతలో రెండో దెబ్బకు తలుపు ఊడి లోపలికి పడింది.

పెద్దవాడిది వెల్డింగు పని. కింది వాటాలో అతని షెడ్డు. ఇరవై ఏళ్ళుగా ఇనుము ఎత్తి దించిన చేతులు అవి. ఒక్క ఊపుతో బల్ల మీది మానిటరును కొట్టాడు. గాజు పొడిపొడిగా రాలి చిన్నకోడలి జుట్టులో పడింది. కీబోర్డు కిటికీలోంచి వీధిలోకి ఎగిరింది. బల్ల కింద చెయ్యి పెట్టి ఆమె జడ దొరకబుచ్చుకున్నాడు.

"బావగారూ! బావగారూ, వదలండి!"

"ఆ డబ్బా ఇవ్వు ముందు."

"ఇదొక్కటే మిగిలింది. ఇది కూడా పోతే మనం చూపించడానికి ఏమీ ఉండదు!"

జడ పట్టి ఈడ్చాడు. ఆమె డబ్బా వదల్లేదు. డబ్బాతో పాటే గుమ్మం దాకా వచ్చింది.

చిన్నవాడు పుట్టి బుద్ధెరిగాక అన్న మీద చెయ్యెత్తలేదు. ఇప్పుడు వెనక నుంచి మెడ చుట్టూ చెయ్యి వేసి బిగించాడు. పెద్దవాడి మోచెయ్యి వెనక్కి వచ్చి అతని మూతి పగలగొట్టింది. చిన్నవాడు నెత్తురు ఉమ్మాడు, మూలనున్న కెమెరా స్టాండు అందుకున్నాడు, అన్న వీపు మీద సాచి కొట్టాడు. స్టాండు కాలొకటి విరిగి వేలాడింది. మళ్ళీ కొట్టాడు. ఇద్దరూ గాజు పెంకుల్లో పడి దొర్లారు. ఎవరి చెయ్యి ఎవరి గొంతు మీద ఉందో తెలియడం లేదు.

బక్కెట్టెడు నీళ్ళు ఇద్దరి మీదా పడ్డాయి.

గుమ్మంలో అత్తగారు నిలబడి ఉంది. పొద్దున ఇటుక తగిలిన నుదుటికి తువ్వాలు కట్టుకుంది. ఎడమ కంటి మీదికి నెత్తురు దిగి ఎండిపోయింది.

"కుక్కలు కరుచుకుంటే ఇలాగే విడదీస్తారు. ఒక గోడ బుల్డోజరు కూల్చింది. మిగతావి మీరు కూల్చెయ్యండి రా. చెరో పక్క నుంచీ మొదలుపెట్టండి, పని త్వరగా అయిపోతుంది. నన్ను మాత్రం మధ్యలో కూచోబెట్టండి."

ఎవరూ నవ్వలేదు. పెద్దవాడు ముందు లేచాడు. సుత్తి వెతుక్కుని చేతిలోకి తీసుకున్నాడు గాని, తల్లి ఎదురుగా దాన్ని ఎత్తలేకపోయాడు.

కింద ఎవరో గేటు తట్టారు.

*

వచ్చినవాడు నగర ప్రణాళికాధికారి. వెంట లాఠీలు పట్టుకున్న కాపలావాళ్ళు ఇద్దరున్నారు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ట్యాబు. పెరట్లో కూలిన ఇటుకల మధ్య బూట్లు మురికి కాకుండా చూసుకుంటూ నడిచాడు.

"పొద్దున మా డ్రైవరుకు రాయి తగిలింది. కన్ను పోయేది. మీ వీధివాళ్ళే రువ్వారు. అయినా నేను మర్యాదగానే వచ్చాను," అన్నాడు.

"నిలబడ్డ గోడను పడగొట్టి మర్యాద అంటారేంటి?" అంది అత్తగారు.

"నిలబడి లేదమ్మా. అదే చూపిద్దామని వచ్చాను. ఇటు రండి."

ట్యాబును కూలిన గోడకు ఎదురుగా ఎత్తి పట్టుకున్నాడు. వీధి మొదట్లో వేసిన డేరాలో జనానికి చూపిస్తున్నది కూడా ఇదే. ట్యాబు ఎటు తిప్పితే అటు, ఉన్న వీధి మీద రాబోయే వీధి లేచి నిలబడేది. వెడల్పు రోడ్డు, రెండు వైపులా చెట్లు, బెంచీలు. ముసలివాళ్ళు కూడా ముచ్చటపడి చూశారు. తమ అరుగు ఆ రోడ్డులో ఎక్కడా లేదని తెలిశాక గాని అరవలేదు.

ఇప్పుడు అధికారి రోడ్డును తీసేసి పాత ఇంటిని మాత్రమే చూపించాడు. నెలల కింద తీసిన ఫొటోల నుంచి కంప్యూటర్లో కట్టిన ఇల్లు అది. రంగు వెలిసిన గోడలు, నీళ్ళ తొట్టి, షెడ్డు రేకుల మీద తుప్పు, అన్నీ ఉన్నాయి. వంటింటి వెనకగోడ చోట మాత్రం అంచులు చిరిగిపోయినట్టు పెద్ద కన్నం. ట్యాబును కాస్త పక్కకు జరిపాడు. తెర మీది కన్నం, ఎదురుగా కూలిన చోటు, ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చున్నాయి.

"చూశారుగా. మా బండి తగలక ముందే గోడ ఇలా ఉంది. ప్రమాదకరమైన ఇల్లని నోటీసు అందుకే ఇచ్చాం. ఇది మేం గీసిన బొమ్మ కాదు. మీ కోడలే కట్టింది."

"అది పడిపోయిన గోడ కాదు సార్," చిన్నకోడలు ముందుకొచ్చింది. జుట్టులో గాజు ముక్కలు ఇంకా మెరుస్తున్నాయి. "ఫొటో లేని చోటు. ఒక గోడ రావాలంటే దాన్ని అటునుంచీ ఇటునుంచీ పదిసార్లు తీయాలి. ఒక ఫొటోలో ఉన్న మచ్చ ఇంకో ఫొటోలో ఎక్కడుందో చూసుకుని కంప్యూటరు గోడను కడుతుంది. తీయనిదాన్ని కట్టలేదు. అక్కడ ఖాళీ వదిలేస్తుంది. మోడల్ ఇచ్చేటప్పుడే మా మేనేజరుకు చెప్పాను, వెనక వైపు తర్వాత పూర్తి చేస్తానని."

"ఏమన్నాడు మరి?"

ఆమె గొంతు తగ్గింది. "వెనక వైపు ఎవరు చూస్తారులే అన్నాడు."

"మాకు ఇచ్చినప్పుడు ఆ ముక్క ఎక్కడా లేదు. కట్టించుకుని డబ్బిచ్చాం, ఉన్నది ఉన్నట్టు నమ్మాం. ఇప్పుడు మీ ఇల్లు అనేసరికి ఖాళీ అంటారు." అధికారి ట్యాబును కిందికి దించాడు. "సరే. గోడ మొన్నమొన్నటిదాకా నిలబడి ఉందని చూపించండి. తేదీలున్న ఫొటోలు కావాలి. ఒకటీ రెండూ కాదు, ఈ కన్నం పూడేంత. రేపు పొద్దున బండి కదిలేలోగా తెస్తే పని ఆపిస్తాను. లేదంటే మిగతా ఇల్లు..."

మాట పూర్తి కాలేదు. పెద్దవాడు అధికారి కాలరు పట్టి ఇటుకల మీదికి తోశాడు. సుత్తి గాల్లోకి లేచింది.

మొదటి లాఠీ అతని మణికట్టు మీద పడింది. సుత్తి జారింది. రెండోది మోకాలి వెనక. కింద పడ్డాక కూడా ఆపలేదు. వీపు, భుజం, పక్కటెముకలు, ఎక్కడ దొరికితే అక్కడ కొట్టారు. చిన్నవాడు అడ్డం వెళ్ళి రెండు దెబ్బలు తిన్నాడు. "చంపేస్తారా! నా కొడుకును చంపేస్తారా!" అని అత్తగారు కాపలావాడి చెయ్యి పట్టుకుని కొరికింది.

పెద్దకోడలు మాత్రం కుళాయి దగ్గర నిలబడి ఉంది. చేతిలో తోముతున్న గిన్నె అలాగే ఉంది. లాఠీ లేచినప్పుడల్లా ఆమె భుజాలు ముడుచుకున్నాయి, తన మీదే పడుతున్నట్టు. కాని అక్కడి నుంచి కదల్లేదు.

"చాలు," అన్నాడు అధికారి లేచి, చొక్కా దులుపుకుంటూ. "రేపు పొద్దున."

*

ముందుగదిలో మంచం మీద పెద్దవాడిని పడుకోబెట్టారు. ఆస్పత్రికి వెళ్దామంటే, మనం లేనప్పుడు ఇల్లు కూల్చేస్తారు, కదలనన్నాడు. ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముక దగ్గర చెయ్యి పెట్టుకుంటున్నాడు.

వంటింట్లోంచి వెలుతురు నేరుగా ముందుగదిలోకి పడుతోంది. గోడ ఉన్నన్నాళ్ళూ ఆ గదిలో పట్టపగలు కూడా లైటు వేసుకునేవాళ్ళు.

చిన్నవాడు వదులైన పన్నును నాలుకతో కదుపుకుంటున్నాడు.

"ఒకటి అడుగుతాను," అన్నాడు పెద్దవాడు, కళ్ళు తెరవకుండానే. "ముందుగోడ తీశావు. నిచ్చెన నేనే పట్టుకున్నాను. షెడ్డు తీశావు. రేకుల మీద కాలు జారుతుందని పైకి నేనే ఎక్కి తీసిపెట్టాను. ఎంత సంబరపడ్డాను! మా మరదలు వీధంతా కంప్యూటర్లో కడుతోందని షెడ్డుకొచ్చిన ప్రతివాడికీ చెప్పుకున్నాను. అన్నీ తీసినదానివి, ఆ ఒక్క గోడ ఎందుకు వదిలేశావు?"

చిన్నకోడలు తల వంచుకుంది.

"చెప్పవే! పెరడు తాళం వేసి ఉందా? కుక్క ఉందా? ఏముంది అక్కడ నీకు అడ్డం?"

"వదిలెయ్యి అన్నయ్యా," అన్నాడు చిన్నవాడు.

"నువ్వెందుకు వదిలెయ్యమంటావు? నీకు తెలుసా?"

చిన్నవాడు తల్లి వైపు చూశాడు. ఆమె కట్టు సవరించుకుంటూ మొహం పక్కకు తిప్పుకుంది.

"నేనున్నాను అడ్డం."

పెద్దకోడలి గొంతు అది. ఆ ఇంట్లో అందరికంటే తక్కువ వినబడే గొంతు. మేడ మీద గాజు పెంకులు ఊడ్చి చేటలో ఎత్తుకొచ్చింది. చేట కింద పెట్టకుండానే మాట్లాడుతోంది.

"చెల్లి కెమెరా పట్టుకుని పెరట్లోకొచ్చింది. నేను ఆ గోడకు ఆనుకుని కూచున్నాను. కన్ను మూసుకుపోయి ఉంది. పెదవి చీలి ఉంది. ఇప్పుడొద్దు చెల్లీ, నేను బొమ్మలో పడతాను అన్నాను. సరే అక్కా, రేపు తీస్తాలే అంది. మర్నాడు చూస్తే వాపు ఇంకా పెరిగింది. ఆ తర్వాత తను ఇంక పెరట్లోకి రాలేదు."

పెద్దవాడు కళ్ళు తెరిచాడు.

"ఏ రోజు?"

"ఏ రోజని అడుగుతారేమండీ? ఒక్క రోజైతే గుర్తుంటుంది."

వెల్డింగు వెలుగు కంట్లో పడి వాచిందని ఆ ఇంట్లో ఎన్నిసార్లు చెప్పుకున్నారో. షెడ్డు వైపే వెళ్ళని మనిషికి వెల్డింగు వెలుగు ఎలా పడిందని ఒక్కరూ అడగలేదు. చిన్నకోడలు ఈ ఇంటికి వచ్చిన కొత్తలో ఒకసారి అడగబోయింది. "మన గదిలోకి పద," అని చిన్నవాడు చెయ్యి పట్టి తీసుకెళ్ళాడు.

"ఇప్పుడా అవన్నీ?" అంది అత్తగారు మెల్లగా. "ఇల్లు పోతుంటే ఇప్పుడా పెద్దమ్మాయ్?"

"ఇల్లు పోతోంది కాబట్టే అత్తయ్యా." చేట కింద పెట్టింది. కొంగున కట్టుకున్న ఫోను విప్పి తోడికోడలి చేతిలో పెట్టింది. "వీటిలో గోడ ఉంటుంది. నీకు పనికొస్తాయేమో చూడు చెల్లీ."

*

మానిటరు పగిలిపోయింది కాబట్టి చిన్నవాడు కంప్యూటరు డబ్బాను కిందికి తెచ్చి అత్తగారి టీవీకి తగిలించాడు. ఆమె రోజూ సీరియళ్ళు చూసే టీవీ అది. ఆ గదిలో అంత పెద్ద తెర ఇంకొకటి లేదు.

మొదటి ఫొటో తెర నిండా వచ్చింది.

పెద్దకోడలి మొహం. ఎడమ చెంప మీద నాలుగు వేళ్ళ అచ్చు. వెనక గోడ. సున్నం పెచ్చులూడిన మచ్చ, నీళ్ళ గొట్టం, చిన్న కిటికీ ఊచలు.

రెండోది. కుళాయి వైపు నుంచి తీసింది. మెడ మీద బొబ్బ. అదే గొట్టం, అదే కిటికీ.

మూడోది. నాలుగోది. చలికాలం, వానాకాలం. జుట్టు కొన్నిటిలో పొడుగ్గా, కొన్నిటిలో కురచగా. ఒకదానిలో చెయ్యి మాత్రమే, ముంజేతి ఎముక దగ్గర ఉబ్బి ఉంది. చిన్నకోడలు మీట నొక్కుతూ పోతోంది. ఆమె పెదవులు గట్టిగా బిగుసుకున్నాయి. ఏది గొట్టానికి దగ్గర, ఏది కిటికీకి దగ్గర, ఏది ఏ వైపు నుంచి, అంతవరకే చూడాలని ప్రయత్నిస్తోంది. కళ్ళు వినడం లేదు.

"ఇన్ని ఎందుకు తీసుకున్నావు వదినా?" అన్నాడు చిన్నవాడు. "ఎవరికి చూపిద్దామని?"

"ఎవరికీ కాదు. నాకోసమే. వాపు తగ్గిపోయేది. మర్నాడు అందరూ మామూలుగా అన్నం పెట్టమని అడిగేవారు. ఏమీ జరగలేదేమోనని నాకే అనిపించేది. అప్పుడు ఒకసారి తీసి చూసుకునేదాన్ని."

పెద్దవాడు మంచం మీద లేచి కూర్చున్నాడు.

"ఆపండి."

చిన్నకోడలు ఆపలేదు. ఆఖరి ఫొటో వచ్చింది. మొన్న శుక్రవారానిది. కనుబొమ చిట్లి నెత్తురు కారుతోంది. వెనక గోడ చెక్కుచెదరకుండా, సాయంత్రపు ఎండలో ఎర్రగా నిలబడి ఉంది.

"ఇది చాలు," అంది చిన్నకోడలు, తనకు తెలియకుండానే పైకి. "గోడ మొన్నటిదాకా ఉందనడానికి ఇదొక్కటి చాలు. పాతవన్నీ కలిపితే కన్నం పూడుతుంది."

"ఆపమన్నానా!" పెద్దవాడు దిగాడు. పక్కటెముక పట్టుకుని, కుంటుకుంటూ టీవీ ముందుకొచ్చాడు. "ఇవి ఆఫీసులో చూపిస్తావా? నలుగురూ చూస్తారు. డేరాలో పెట్టి ట్యాబుల్లో చూస్తారు. రేపు నేను ఈ వీధిలో తలెత్తుకుని ఎలా తిరగను?"

"వీధంటూ ఉంటే కదా తిరగడానికి," అంది పెద్దకోడలు.

అతను ఆమె వైపు తిరిగాడు. చెయ్యి దానంతటదే లేచింది. ఏళ్ళ అలవాటు. అందరూ చూస్తున్నారని గాని, టీవీలో అదే చేతి అచ్చు ఉందని గాని దానికి తెలియలేదు. దెబ్బకు ఆమె తల వెళ్ళి తలుపు చట్రానికి కొట్టుకుంది.

చిన్నవాడు అన్నను గోడకు అదిమిపట్టాడు. ఈసారి స్టాండు అక్కర్లేకపోయింది. పిడికిలితో కొట్టాడు. పొట్టలో, దవడ మీద. ఎన్నిసార్లో తనకే తెలియదు. "నాకు తెలుసురా! ఇన్నేళ్ళూ పక్క గదిలో పడుకుని విన్నానురా!" అంటూ కొట్టాడు. అన్నను "రా" అనడం అదే మొదలు. కొడుతున్నది అన్ననో తననో తేలనట్టు ఏడుస్తున్నాడు.

పెద్దవాడు జారి కూలబడ్డాడు. తిరిగి కొట్టలేదు.

"చిన్నమ్మాయ్," అంది అత్తగారు. "ఆ మొహాలు చెరిపేసి గోడ ఒక్కటే ఉంచలేవా?"

"మోడల్లో మొహాలు ఎలాగూ రావు అత్తయ్యా. కదిలేవాటిని కంప్యూటరు పట్టించుకోదు. మనిషి ఒక ఫొటోలో ఉన్నట్టు ఇంకోదానిలో ఉండదు కదా. గోడ ఒక్కటే మిగులుతుంది. కాని నమ్మాలంటే అసలు ఫొటోలు కూడా ఇవ్వాలి. వాటిని చెరిపితే, మార్చి తెచ్చారంటారు."

ఆగి, తోడికోడలి వైపు తిరిగింది. "అక్కా, నువ్వు వద్దంటే పంపను. ఇల్లు పోతే పోనీ. నీ మాటే."

పెద్దకోడలు చెవి దగ్గర కారుతున్న నెత్తురును కొంగుతో అద్దుకుంది. టీవీలో ఉన్న తన మొహాన్ని కాసేపు చూసింది, ఎవరో తెలిసినావిడను చూస్తున్నట్టు.

"ఏదీ చెరపకు," అంది. "పంపు."

*

పొద్దున వీధంతా గేటు ముందు చేరింది. బుల్డోజరు వీధి మొదట్లోనే ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. రాళ్ళ గొడవ మీద విచారణకని పోలీసు ఇన్‌స్పెక్టరమ్మ కూడా వచ్చింది.

ప్రణాళికాధికారి పెరట్లో ట్యాబు ఎత్తాడు. నిన్నటి కన్నం లేదు. రాత్రంతా నడిచిన కంప్యూటరు గోడను కట్టి పెట్టింది. సున్నం మచ్చ, గొట్టం, కిటికీ ఊచలు. కింద ఇటుకల కుప్ప మీద, గాల్లో, వెనకగోడ నిలువెత్తున నిలబడింది. అక్కడక్కడ మాత్రం మసక మసకగా పొగలాంటి మచ్చలున్నాయి.

"ఇవేంటి?" అన్నాడు.

"అక్కడ మనిషి ఉంది సార్," అంది చిన్నకోడలు.

అధికారి అసలు ఫొటోలు తెరిచాడు. ఒకటి చూశాడు. రెండోది చూశాడు. మూడోది తెరవలేదు. మెడ దగ్గర బొత్తాం సర్దుకున్నాడు. "తేదీలు సరిపోయాయి," అన్నాడు పొడి గొంతుతో. "గోడ ఉంది. నోటీసు వెనక్కి తీసుకుంటాం. బండిని పంపించెయ్యమని చెప్పండి."

వీధిలో ఎవరో కేక వేశారు. ఎవరో ఈల వేశారు. ఇంజను చప్పుడు దూరమవుతుంటే పిల్లలు వెంటబడి పరుగెత్తారు. చిన్నవాడు వాచిన మూతితోనే నవ్వబోయి, బాధకు ఆగిపోయాడు.

ట్యాబు ఇన్‌స్పెక్టరమ్మ చేతికి వచ్చింది. ఆమె మూడోది తెరిచింది. నాలుగోదీ. ఆఖరిదాకా వెళ్ళింది. తలెత్తి ఆడవాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చి, చెవి దగ్గర దూది అంటించుకున్న పెద్దకోడలి దగ్గర ఆగింది.

"ఇది నువ్వేనా అమ్మా?"

"నేనేనండీ."

"ఎవరు కొట్టారు?"

ఈలలు ఆగిపోయాయి. షెడ్డు గుమ్మంలో పెద్దవాడు నిలబడి ఉన్నాడు. నిన్నటి దెబ్బలకు మొహం ఉబ్బి ఉంది. అతను భార్య వైపే చూస్తున్నాడు. బతిమాలుతున్నాడో బెదిరిస్తున్నాడో ఆ కళ్ళను బట్టి చెప్పలేం. వీధివాళ్ళు నేల చూపులు చూశారు. పెరటికి అటుపక్క ఇంటివాళ్ళు మరీను. తెలియనివాళ్ళు అక్కడ ఎవరూ లేరు.

పెద్దకోడలు పెదవులు కదిపింది. మాట రాలేదు. ఎన్నో ఏళ్ళు మింగిన మాట ఒక్కసారిగా పైకి రావడం అంత తేలిక కాదు. మళ్ళీ కదిపింది.

"నా పెద్దకొడుకు."

అందరూ తిరిగి చూశారు. అత్తగారు నుదుటి కట్టు ఊడిపోతున్నా పట్టించుకోకుండా ముందుకొచ్చింది.

"నా పెద్దకొడుకు కొట్టాడమ్మా. మొదటిసారి కొట్టినప్పుడు నేను ఆ వంటింట్లోనే ఉన్నాను. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. పాలు దించుకున్నాను. అటు చూడలేదు."

"అమ్మా!" అన్నాడు పెద్దవాడు.

ఆమె అతని వైపు చూడలేదు. "రాసుకోండి," అంది ఇన్‌స్పెక్టరమ్మతో. "పక్కన నా పేరు కూడా రాసుకోండి."

పెద్దవాడు షెడ్డు గుమ్మం దిగాడు. పక్కటెముక మీది చెయ్యి తీసేశాడు. నేరుగా తల్లి వైపే వస్తున్నాడు, వేగంగా. ఆ నడక ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

పెద్దకోడలు అత్తగారి ముందుకొచ్చి అడ్డంగా నిలబడింది.